మిగిలిపోయిన పిన్ను

గులూ పట్నంలో మెకానిక్కులకి కరువేం లేదు.
మామిడిచెట్టుకొకడు, పెట్రోలు బంకుకి ఇద్దరు,
చపాతీలు కాల్చే పెనం పక్కన ఇంకొకడు.
అందరి చేతులకీ మసే.
ఏది పని చేస్తే అంటిన మసో
ఏది మారేడుకాయకి పూసే మసో
తెలుసుకోవడానికి నాకు
నాలుగేళ్ళూ ఒక కార్బురేటరూ పట్టాయి.

ఆ కార్బురేటరు సంగతి చెప్పాలి.
పెచే మైదానం దగ్గర ఒడొంగ్‌పినీ అని ఒకాయన.
కుర్చీ వేశాడు, సోడా తెప్పించాడు,
"కడిగిస్తానక్కా, అరగంట" అన్నాడు.
సోడా అయ్యేలోపు నా బాక్సరు బండి గుండె
ఇంకెవరి బండిలోనో కొట్టుకుంటోంది.
నాకు దక్కింది తళతళలాడే నకిలీది,
గట్టెక్కాల్సి వస్తే చాలు దగ్గు తెరలు.
నిలదీస్తే నా భుజం మీంచి ఎటో చూస్తూ
"మీ ఆయన్ని పంపు, ఆయనకి చెప్తా" అన్నాడు.
ఆయన పోయి ఆరేళ్ళు.
చెప్పాలనుంటే నువ్వే వెళ్ళు, అన్నాను.

తర్వాత లయిబీలో ఒక కుర్రాడు,
ఒకటి బిగిస్తే రెండు వదులు.
బండి యజమానికి వారం వారం కట్టాల్సింది
వాడి డబ్బాలోకి పోయేది.

స్టేజిలో తోటి బోడా వాళ్ళే చెప్పారు కొమాకెచ్ పేరు.
మా అచోలీలో ఆ మాటకి
'నా రాత బాగోలేదు' అని అర్థం.
పుట్టగానే అలా ఒప్పేసుకున్నవాడి చేతిలో
నా బ్రేకులు పెట్టనా?
నెల్లాళ్ళు ఆ వీధే తొక్కలేదు.
చివరికి గొలుసు తెగి, తోసుకుంటూ వెళ్ళి ఆగింది
అతని గోనెపట్టా ముందే.

సోడా లేదు. కుర్చీ లేదు.
విప్పినవన్నీ పట్టా మీద వరసగా పేర్చి
"ఇది అరిగింది. ఇది ఇంకో వానాకాలం నడుస్తుంది.
ఆ టకటకమనేది ఏంటో నాకు తెలీదు" అన్నాడు.
తెలీదన్న మెకానిక్కుని నేను అప్పుడే చూడటం.
తెలివనుకోవాలో, తెలివితక్కువనుకోవాలో!
సందేహిస్తూనే వెళ్తూ ఉన్నాను.

ఆగస్టులో వెనక చక్రం బేరింగు మార్చాడు.
పదిహేను వేల షిల్లింగులు, బేరం లేదు.
చినుకులు మొదలయ్యాయని తొందరపెట్టింది నేనే.

ఆ రాత్రి ఉన్యామాలో మా కుక్క ఒకటే అరుపు.
తలుపు తీస్తే కొమాకెచ్,
మోకాళ్ళ దాకా బురద, చెప్పులు చంకలో,
అరచేతిలో ఒక పిన్ను.

"సాయంత్రం ఊడ్చి అయస్కాంతం తిప్పాను.
ఇది అంటుకుంది. చూడు, కొత్తది, వంచలేదు.
వంచలేదంటే వేయలేదు.
ఇవాళ విప్పిన వెనక చక్రాలు రెండు.
లారూ వెళ్ళి చూసొచ్చాను, వాళ్ళకి ఉంది."

లాంతరు పట్టుకున్నాను.
ఇరుసు చివర నట్టుని అతను
పానా లేకుండా, రెండు వేళ్ళతో
తిప్పి చూపించాడు.
ఇద్దరం ఏం మాట్లాడలేదు.
పొద్దున ఏడింటికి ఆ సీటు మీద
ముగ్గురు బడిపిల్లలు ఎక్కాలి,
అందరికంటే చిన్నది లాకోట్
ట్యాంకు మీద, నా చేతుల మధ్య.

తర్వాత తిట్టాను. బాగా తిట్టాను.
తల వంచుకుని పిన్ను వేసి, చివరలు వంచి,
నన్ను కూడా లాగి చూడమన్నాడు.
"ఇంత దూరం నడిచా? నీ బండేదీ?"
"లైటు లేదు. బాగుచేసుకోడానికి
తీరిక దొరకలేదు."

చల్లారిన మలాక్వాంగ్ ఉంటే పెట్టాను.
రెండుసార్లు సబ్బు రుద్దినా వదలని మసితోనే తిన్నాడు.
వెళ్ళేటప్పుడు నా టార్చి ఇచ్చాను,
మర్నాడు తెచ్చిచ్చాడు, బ్యాటరీలతో సహా.

ఇప్పుడు స్టేజిలో కొత్తవాళ్ళెవరైనా అడిగితే
ఆ పేరే చెప్తాను.
పేరు వినగానే మొహం అదోలా పెడతారు.
పెట్టనీ.

టకటక మాత్రం ఇంకా ఉంది.
మూడో గేరులో, ఎండ ముదిరాక.
మొన్న కూడా చెవి ఆనించి విన్నాడు,
చాలాసేపు.
తెలీదు, అన్నాడు.